గీత గీయని రాయి

ఆ ఏడాది నేను చేసిన తప్పు ఒక్కటే. ఒక రాయి మీద సుద్దతో గీత గీయలేదు.

అప్పుడు గ్లాస్గోలో, నది వైపు దిగే వీధి మలుపులో ఒక బ్యాంకు కడుతున్నారు. ఆర్కిటెక్టు తరఫున పని దగ్గర ఉండి చూసుకోవడం నా ఉద్యోగం. ఎడిన్‌బరో కాలేజీలో చదివిన చదువంతా చివరికి ఒక బకెట్ నీళ్ళ దగ్గరా ఒక సుద్దముక్క దగ్గరా వచ్చి ఆగిందని మా ఆవిడ ఐలీ నవ్వేది. నిజమే. క్వారీ నుంచి బండి రాగానే ప్రతి రాయి మీదా నీళ్ళు పోసి, అది ఆరేదాకా పక్కన నిలబడాలి. మా ఇసుకరాయి పొడిగా ఉన్నంతసేపూ వెన్నముద్దలా ఒకే రంగులో ఉంటుంది. ఆరేటప్పుడు మాత్రం లోపలి పొరలు ఒకటి ముందు, ఒకటి వెనక ఆరుతూ సన్నటి చారల్లా బయటపడతాయి. ఆ చారల వెంబడి నేను గీత గీస్తాను. గీత నేలకి సమంగా ఉండేలా మేస్త్రీలు ఆ రాయిని గోడలో పెడతారు. భూమిలో ఎలా పడుకుని ఉందో గోడలోనూ అలాగే పడుకోవాలి. అలా కాక పొర వీధి వైపు తిరిగితే, నిలబెట్టిన పుస్తకానికి ముందు అట్ట, ఆ తర్వాత ఒక్కొక్క పేజీ ఊడినట్టు, మంచు కురిసిన ప్రతి చలికాలమూ ఆ రాయి కొంత కొంత పోతుంది.

ఐలీ మార్చిలో పోయింది. తొమ్మిది రోజుల జ్వరం. సమాధి చేసిన మూడో రోజు నేను పనిలోకి వెళ్ళాను, ఇంట్లో గోడగడియారం చప్పుడు వినలేక. ఆ రోజు వాన. బ్యాంకు తలుపు మీది పట్టీ కోసం మూడు పెద్ద రాళ్ళు వచ్చాయి. మూడు తలలు చెక్కాల్సిన రాళ్ళు. రెండింటిని పాక కింద దించారు. అవి ఆరాయి, గీశాను. మూడోదానికి చోటు చాలక బయటే దించారు. వానలో రాయి ఆరదు. తర్వాత గీద్దామని సుద్ద జేబులో వేసుకున్నాను. ఇంతలో బండివాడు నా దగ్గరికొచ్చి, టోపీ తీసి, "మీ పాప ఎలా ఉందండీ?" అని మెల్లగా అడిగాడు. జవాబు చెప్పడానికి నోరు తెరిచాను. ఆ తర్వాత ఆ రోజు ఏం జరిగిందో నాకు సరిగ్గా గుర్తు లేదు.

మేలో చెక్కడం మొదలైంది. మా దగ్గర తలలూ లతలూ గోడ లేచాకే చెక్కుతారు. మొరటు బండల్ని గోడలోంచి ముందుకు పొడుచుకొచ్చేలా పెట్టి వదిలేస్తే, చెక్కేవాడు పరంజా ఎక్కి అక్కడే కూర్చుని పని చేస్తాడు. ఆ చెక్కేవాడు నా బావమరిది లాకీ. ఐలీకి ఒక్కడే తమ్ముడు. తల్లి లేకపోతే వాణ్ణి ఆమే పెంచింది.

రాతిపని వాళ్ళుండే వీధుల్లో ముసలమ్మలు కనిపిస్తారు గాని ముసలాళ్ళు కనిపించరు. నలభై దాటకముందే రాతిపొడి వాళ్ళని తీసుకుపోతుంది. లాకీకి ముప్పై ఆరు. ఆ వసంతంలో మా ఇంటికి మూడంతస్తులు ఎక్కడానికి మూడుచోట్ల ఆగేవాడు. ఆగిన ప్రతిచోటా ఎవరో ఒకరితో మాట కలిపేవాడు, ఆగింది అందుకోసమే అన్నట్టు. డాక్టరు ఏం చెప్పాడని నేనొకసారి అడిగితే, "ఈ క్రిస్మస్‌కి నాకు బహుమతి కొనొద్దన్నాడు బావా," అన్నాడు.

మొదటి తల మా ఊరి క్లైడ్ నది. గడ్డంలో చేపలున్న ముసలాయన. లాకీ ఆయనకి మా మేస్త్రీల పెద్ద హ్యాడో ముక్కు పెట్టాడు. హ్యాడో కింద నుంచి చాలాసేపు చూశాడు.

"నా ముక్కు అంతుందా?"

"అంతకంటే పెద్దదే పెద్దాయనా. రాయి చాలక కోసేశాను," అన్నాడు లాకీ పైనుంచి.

రెండో తల వర్తకం. రెక్కల టోపీ పెట్టుకున్న కుర్రాడు. దానికి ఎవరి మొహమూ పెట్టలేదు.

జూన్ మొదటి ఆదివారం లాకీ మా ఇంట్లో భోజనానికి ఉన్నాడు. పక్క వాటాలో ఉండే పోలక్ గారి భార్య ఎప్పటిలాగే బార్లీ సూపు గిన్నె గుమ్మం దగ్గర పెట్టి, తలుపు తట్టకుండా వెళ్ళిపోయింది. తలుపు తడితే నేను థాంక్స్ చెప్పాలి, చెబుతూ మాట తడబడాలి. ఆ కష్టం నాకు లేకుండా చేసేది. మా అమ్మాయి ఎఫీకి అప్పుడు ఆరేళ్ళు. చెంచా గిన్నెలో వదిలేసి అడిగింది:

"నాన్నా, అమ్మ బుగ్గ మీద సొట్ట ఎటువైపు?"

"కుడి," అన్నాడు లాకీ.

"ఎడమ అనుకుంటా," అన్నాను నేను.

ఎనిమిదేళ్ళు కాపురం చేసినవాణ్ణి. అనుకుంటా అన్నాను. మా ఇంట్లో ఐలీ ఫోటో లేదు. జూలైలో ఊరంతటికీ వచ్చే ఫెయిర్ జాతర సెలవులకి ఐలీ, నేనూ, ఎఫీ వెళ్ళి తీయించుకుందామని రెండేళ్ళ నుంచీ అనుకుంటూ వచ్చాం.

"నాకు అమ్మ మొహం రావట్లేదు," అంది ఎఫీ. ఏడవలేదు. లెక్క తప్పిన పిల్ల పంతులమ్మకి చెప్పినట్టు చెప్పింది. "గౌను వస్తోంది. చేతులొస్తున్నాయి. మొహం దగ్గరికొచ్చేసరికి ఏం లేదు."

లాకీ లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి, దగ్గు తగ్గేదాకా అటు తిరిగి నిలబడ్డాడు. వెనక్కి వచ్చేటప్పటికి చేతిలో పెన్సిలు ఉంది.

"రేపటి నుంచి మూడో తల. పొదుపు తల్లి. తేనెపట్టు పట్టుకున్న ఆడమనిషి కావాలని రాశారు. ఏ ఆడమనిషో రాయలేదు."

"మీ అక్క పొదుపేంటి లాకీ," అన్నాను. "స్కోన్ రొట్టెలు కాల్చిన రోజు మెట్లమీద పిల్లలందరూ తినగా మనకి పెనం మిగిలేది."

"బ్యాంకు వాళ్ళకి తెలియదుగా. బావా, పిల్లని ఎత్తుకో."

ఎందుకో తెలియక ఎఫీని ఎత్తి కుడి చంకన వేసుకున్నాను. ఆమె నా మొహంలోకి చూసి తల అడ్డంగా ఊపింది.

"ఇటు కాదు నాన్నా. అమ్మ అటు ఎత్తుకునేది."

ఎడమవైపుకి మార్చుకున్నాను. ఎఫీ కళ్ళు మూసుకుంది. ఆమె చూపుడువేలు తనంతట తనే పైకి లేచి, నా ఎడమ బుగ్గ మీద, పెదవి చివరకి రెండు వేళ్ళ దూరంలో ఆగింది. అక్కడ కొంచెం నొక్కింది.

"ఇక్కడ," అంది.

లాకీ పెన్సిలు కాగితం మీద పెట్టాడు. పోలక్ గారి భార్య సూపు చల్లారిపోతున్నా పట్టించుకోకుండా గీస్తూనే ఉన్నాడు.

నెల రోజుల్లో ఐలీ రాతిలోంచి బయటికొచ్చింది. మొదట నుదురు, తర్వాత ముక్కు, ఎప్పుడూ ఏదో చెప్పబోతున్నట్టుండే పెదవులు. పొద్దున్నే పనిలోకి వెళ్ళి తల ఎత్తడానికి భయపడేవాణ్ణి, ఎత్తాక దించలేకపోయేవాణ్ణి.

జూన్ చివర బ్యాంకు డైరెక్టర్లలో ఒకాయన, కార్స్‌వెల్ గారు, చేతులకి తొడుగులతో పరంజా ఎక్కి వచ్చారు.

"ఈమె నవ్వుతోందేమిటి?"

"చేతిలో తేనెపట్టు ఉంది కదండీ," అన్నాడు లాకీ.

"పొదుపు గంభీరమైన విషయం. బుగ్గ మీద ఆ గుంట తీసెయ్యి."

"గుంట తీసెయ్యాలంటే బుగ్గంతా చెక్కెయ్యాలండీ. అప్పుడు మీ పొదుపు పస్తులున్నట్టుంటుంది. చూసినవాళ్ళు ఇంకో బ్యాంకుకి పోతారు."

కార్స్‌వెల్ గారు నా వైపు తిరిగారు. "మీరేమంటారు?"

"వీధిలోంచి చూస్తే కనబడదండీ," అన్నాను.

ఆయన వెళ్ళగానే లాకీ అన్నిటికంటే సన్నటి ఉలి తీసి, ఆ సొట్టని ఇంకా లోతుగా తవ్వడం మొదలుపెట్టాడు. ఐలీ బుగ్గ మీద ఎప్పుడూ లేనంత లోతుగా.

"అదేం పని లాకీ? అంత లోతు ఉండేది కాదు."

"నువ్వే అన్నావుగా కనబడదని," అన్నాడు నా వైపు చూడకుండా. "కనబడాలి."

జూలైలో ఫెయిర్ సెలవులు వచ్చాయి. ఊరంతా పిల్లల్నీ మూటల్నీ వేసుకుని పడవెక్కి రోథ్సే వెళ్ళిపోయింది. పొగగొట్టాలు ఆగిపోయి ఆకాశం నీలంగా కనిపించే పది రోజులు మా ఊళ్ళో అవే. పోలక్ దంపతులు ఎఫీని కూడా సముద్రానికి తీసుకెళ్ళారు. లాకీ వెళ్ళలేదు. "సముద్రం వచ్చే ఏడాదీ ఉంటుంది," అన్నాడు. కూలీలెవరూ లేని ఆ గోడ మీద ఒక్కడే కూర్చుని ఉలి కొట్టుకునేవాడు. పనివాళ్ళు లేనప్పుడు నాకూ అక్కడ పని లేదు. అయినా రోజూ వెళ్ళేవాణ్ణి.

ఒక రోజు తెల్లవారుజామున వాన పడి, పొద్దున్నకి వెలిసింది. నేను నిచ్చెన ఎక్కేసరికి ఎండ తిన్నగా ఐలీ మొహం మీద పడుతోంది. లాకీ పరంజా చివర గోడకి చేరగిలబడి మాంసం కూరిన రొట్టె తింటున్నాడు. రాయి ఆరుతోంది.

చారలు కనిపించాయి. అడ్డంగా ఉండాల్సిన చారలు. అవి అడ్డంగా లేవు. ముక్కు కొన చుట్టూ ఒక చిన్న వలయం, దాని చుట్టూ ఇంకొకటి, రెండు బుగ్గల మీద విడివిడిగా రెండేసి, నీళ్ళలో రాయి వేస్తే లేచే అలల్లా. పొరలన్నీ వీధి వైపు తిరిగి ఉన్నాయి. ఒకదాని వెనక ఒకటి నిలబడి ఉన్నాయి.

జేబులో చెయ్యి పెట్టాను. అదే కోటు. సుద్దముక్క ఇంకా అందులోనే ఉంది.

"ఎలా ఉంది బావా?" అన్నాడు లాకీ.

"బాగుంది."

"బాగుంటే అలా చూస్తావేం?"

"ఎదురుగా కూర్చున్నట్టుంది," అన్నాను. అదీ నిజమే.

నేను చూస్తుండగానే వలయాలు ఒక్కొక్కటే మాసిపోయాయి. చివరికి సొట్టలో మాత్రం కొంచెం తడి మిగిలింది. అది కూడా ఆరాక మొహమంతా మళ్ళీ వెన్న రంగుకి వచ్చింది. ఏమీ జరగనట్టే ఉంది.

సెలవులయ్యాక హ్యాడోని పాక వెనక్కి పిలిచాను.

"ఆ మూడో రాయికి గీత లేదు," అన్నాను.

ఆయన పైపులో పొగాకు నింపుకోవడం ఆపాడు. "లేదండీ."

"మరి ఎలా పెట్టారు?"

"మిమ్మల్ని అడుగుదామని ఆ రోజు రెండుసార్లు వచ్చానండీ. మీరు బండి పోయిన దారికేసి చూస్తూ వానలో నిలబడున్నారు. అడగబుద్ధి కాలేదు. నా కంటికి సరిగ్గా తోచినట్టు పెట్టించాను." కాస్త ఆగి అన్నాడు: "నా కన్ను తప్పిందన్నమాట."

"ఎన్నాళ్ళుంటుంది?"

"ముందు ముక్కు పోద్ది. ఆరు చలికాలాలు, ఏడు. తర్వాత పెదాలు. ఆపైన ఎవరు చెప్పగలరు?"

"ఇప్పుడు ఆర్కిటెక్టు గారికి చెబితే?"

"చెబితే తీయించేస్తారు. కొత్త రాయి వస్తుంది. దాన్ని ఎవరు చెక్కుతారండీ?"

ఇద్దరం తలలెత్తాం. పైన ఉలి చప్పుడు ఆగింది. దగ్గు మొదలైంది. అది ఆగేదాకా కిందున్న మేస్త్రీలు కూడా పని ఆపి, చేతుల్లో ఉన్నవి చూసుకుంటూ నిలబడ్డారు.

"మీరు సరేనంటే తప్పు నాదేనని చెప్పుకుంటాను," అన్నాడు హ్యాడో.

"వద్దు," అన్నాను.

ఎవరినైనా తిట్టుకుంటే కొంత తేలిక పడేవాణ్ణేమో. తిట్టడానికి ఎవరూ లేరు. బండివాడు జాలిపడి అడిగాడు. హ్యాడో జాలిపడి అడగలేదు. ఆ శనివారం పని పుస్తకంలో మూడో తల ఎదురుగా 'సవ్యం' అని రాశాను. నా చేతిరాత ఎప్పటిలాగే గుండ్రంగా వచ్చింది.

సెప్టెంబరులో పరంజా విప్పే ముందురోజు హ్యాడో ఎఫీని భుజం మీద కూర్చోబెట్టుకుని పైకి తెచ్చాడు. ఆమెకి అప్పటిదాకా చూపించలేదు. పూర్తయ్యాకే చూపించాలని లాకీ పట్టుబట్టాడు.

ఎఫీ చాలాసేపు దూరంగా నిలబడింది. తర్వాత దగ్గరికెళ్ళి, నుదుటి మీదా కళ్ళ మీదా అరచెయ్యి పెట్టి చూసింది. వేలు సొట్టలో పెట్టింది. మొదటి కణుపు దాకా లోపలికి పోయింది.

"అమ్మే," అంది. "ఇప్పుడు వచ్చింది."

హ్యాడో టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఇది ఎప్పటికీ ఉంటుందా మామా?"

లాకీ నోరు తెరిచాడు. రాయి కదే, అంటాడనుకున్నాను. ఎవరైనా అదే అంటారు. వాడు అనలేదు. నేను కూడా అనలేదు.

"గాలి వేస్తోంది," అన్నాడు చివరికి. "పెద్దాయనా, పిల్లని దించు."

వాళ్ళు దిగిపోయారు. లాకీ ఉలుల్ని ఒక్కొక్కటే గుడ్డలో చుట్టడం మొదలుపెట్టాడు. వేళ్ళు వణుకుతుంటే పక్కన కూర్చుని గుడ్డ పట్టుకున్నాను.

"నీకెప్పుడు తెలిసింది బావా?"

"ఫెయిర్ సెలవుల్లో. నీకు?"

"రెండో రోజే. ఉలి పెడితే మంచి రాయి పొడిగా రాలుతుంది. ఇది పెచ్చులుగా లేచింది. పద్నాలుగో ఏట నుంచీ ఇదే పని, ఆ మాత్రం తెలియదా?"

"తెలిసి ఎందుకు చెప్పలేదు? కొత్త రాయి తెప్పించేవాణ్ణి."

"క్వారీ నుంచి రావాలంటే ఆరు వారాలు. ఈ రాయి పగలగొట్టి తీసి, కొత్తది పెట్టి, అది కుదురుకునేసరికి ఆగస్టు. ఇప్పుడు చూడు." రెండు చేతులూ నా ముందు చాపాడు. "వీటితో మనిషి ముక్కు చెక్కగలనా? హ్యాడో ముక్కైతే చెక్కుతానేమో."

నవ్వబోయి దగ్గాడు. వాడి వీపు మీద చెయ్యి వేశాను. కోటు లోపల ఎముకలు చేతికి తగిలాయి.

"నీకు చెబితే తిండి మానేస్తావని చెప్పలేదు," అన్నాడు ఊపిరి అందాక. "సుద్ద పట్టుకునేది నువ్వేగా."

"నేను ఆ రోజు..."

"తెలుసు. నేనూ ఆ రోజు ఏం చేశానో నాకు గుర్తు లేదు."

వీధిలో ఎవరో గుర్రాన్ని అదిలిస్తున్నారు. లాకీ తల తిప్పి అక్క మొహం వైపు చూశాడు. పనివాడు తన పనిని చూసినట్టు, ఒక కన్ను మూసి చూశాడు.

"ముందుకి ఉన్నవి ముందు పోతాయి. ముక్కు పోతుంది, పెదవి పోతుంది, బుగ్గ కూడా పోతుంది. లోపలికి ఉన్నది చివర పోతుంది. అందుకే అంత లోతు తవ్వాను. నా లెక్క ప్రకారం నాలుగు పొరలు దాటింది. పిల్ల పెద్దదయ్యేదాకా వస్తుంది."

చివరి ఉలి చుట్టి ముడి వేయమని నాకిచ్చాడు. ముడి వేశాను.

లాకీ నవంబరు రెండో వారంలో పోయాడు. క్రిస్మస్ దాకా కూడా ఆగలేదు.

హ్యాడో చెప్పినట్టే ఏడో చలికాలంలో ముక్కు పోయింది. తొమ్మిదో చలికాలంలో పెదవులు. పన్నెండో ఏట పెచ్చులు వచ్చేపోయేవాళ్ళ మీద పడుతున్నాయని, వదులుగా ఉన్నవన్నీ కొట్టించెయ్యమని బ్యాంకు నుంచి నాకే కబురొచ్చింది. ఆ కట్టడం సంగతులు తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలానట. వెళ్ళి నిచ్చెన పట్టుకున్నాను. పైనున్న కుర్ర మేస్త్రీ మంచివాడు, సుత్తి మెల్లగానే వేశాడు. రాలినవాటిలో ఒకటి ఉంచుకుందామని వంగాను. అన్నీ ఒకేలా ఉన్నాయి. ఏది నుదురో ఏది బుగ్గో నాకు తెలియలేదు. చీపురు పట్టుకున్నతను నా కోసం ఆగాడు. కానిమ్మన్నాను.

ఎఫీకి ఇప్పుడు ఇరవై మూడేళ్ళు. నది అవతల బడిలో పాఠాలు చెబుతుంది. ఆ రాయి సంగతి ఆమెకి పదహారో ఏట అంతా చెప్పాను, సుద్దముక్కతో సహా. విని, లేచి, నాకు టీ పెట్టి తెచ్చింది. ఆ తర్వాత మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

పోయిన శనివారం ఇద్దరం కూరగాయలు కొనుక్కుని వస్తుంటే వాన పట్టుకుంది. బ్యాంకు ఎదురుగా ఒక కొట్టు పంచ కింద నిలబడ్డాం. వాన వెలిసింది. తలుపు మీద హ్యాడో ముక్కు ఇంకా చెక్కుచెదరలేదు. ఆయన పోయి ఆరేళ్ళయింది. పక్కన రెక్కల టోపీ కుర్రాడు. మూడోది అరిగిన సబ్బుబిళ్ళలా ఉంది. తెలియనివాళ్ళెవరూ అది ఒకప్పుడు మనిషి మొహమని అనుకోరు.

ఎండ వచ్చింది. రాయి అంచుల నుంచి ఆరడం మొదలైంది. నుదురున్న చోటు తెల్లబడింది, తర్వాత బుగ్గలున్న చోటు, గడ్డం ఉన్న చోటు. చివరికి మొత్తం రాయి మీద, ఎడమ బుగ్గ ఉన్న చోట, బొటనవేలంత నల్లటి తడి చుక్క ఒక్కటి మిగిలింది.

ట్రామ్ గుర్రాల గంటలు వినిపించాయి.

"మనదే," అన్నాను.

"ఇంకొకటి వస్తుందిలే నాన్నా," అంది ఎఫీ, పైనుంచి కళ్ళు తిప్పకుండా.